పిడుగు పడ్డ కరెంటు

మా అత్తవారి ఊరికి కరెంటు రాకముందే కరెంటు టవరు వచ్చింది. ఒడిశా కొండల్లోంచి దిగి విజయనగరం పోయే పెద్ద లైను తాలూకు టవరు అది. సరిగ్గా మా పల్లపు మడి మధ్యలో నాలుగు కాళ్లూ పాతుకుని నిలబడి ఉండేది. నెత్తి మీద నుంచి అంత కరెంటు పోతూ ఉంటే, కింద మేం కిరసనాయిలు బుడ్డి వెలిగించుకునేవాళ్లం. దాని గురించి ఊళ్లో ఎవరికీ చింత లేదు. మెయిలు బండి కూడా మన పక్కనుంచే పోతుంది, మనకోసం ఆగుతుందా అనేది మా అత్త.

నాకు మాత్రం చింత ఉండేది. దీపం కోసం కాదు, దంపుడు కోసం.

నేను పుట్టింది పొందూరు పక్క పల్లెలో. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న నూలు వడికేది. ఎనిమిదేళ్లు వచ్చేసరికి నాకూ ఆ పని పట్టుబడింది. బడికి పంపలేదు గాని, రాట్నం ముందు నా వేళ్లకు మంచి పేరుండేది. పెళ్లయి ఈ ఊరు వచ్చాక, తొమ్మిది మంది తినే ఇంట్లో వడ్లు దంపడం నా వంతుకు వచ్చింది. మావ అప్పటికే పోయారు. పెత్తనమంతా అత్తది. ఆవిడకు దయ లేదని కాదు. ముప్పై ఏళ్లు ఆవిడా అదే రోకలితో, మోకాలు పట్టేసేదాకా దంపింది. ఇంకొకరు కూడా అలా దంపకపోతే తన ముప్పై ఏళ్లూ ఊరికే పోయినట్టవుతుందని ఆవిడ బెంగ. రెండేళ్లు తిరిగేసరికి నా అరచేతులు గరుకెక్కిపోయాయి. పుట్టింటికి వెళ్లి రాట్నం ముందు కూర్చుంటే, నూలు నా వేలి పొక్కుకి తగులుకుని పుటుక్కున తెగిపోయింది. మూడుసార్లు తెగింది. అమ్మ నా చేతిలోంచి పత్తి తీసుకుని పక్కన పెట్టింది. ఆ పక్కన పెట్టడం నన్ను చాలాకాలం పట్టుకుని ఉంది.

మా ఊళ్లో పిడుగు విషయంలో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఉరుము వినపడగానే ఇంట్లో ఉన్న ఇనుము ఏదో ఒకటి తీసుకెళ్లి వాకిట్లో పడేయాలి. పిడుగుకి ఇనుమంటే ఇష్టం, వాకిట్లో దొరికితే ఇంట్లోకి వెతుక్కుంటూ రాదు. ఒక ఇంట్లో గునపం, ఒక ఇంట్లో కత్తిపీట. మా ఇంట్లో రోకలి, దాని చివర ఇనుప పొన్ను ఉంటుంది కాబట్టి. విసిరే పని కోడలిది.

రెండో కట్టుబాటు, పిడుగు పడినది ఏదైనా సరే గడప దాటి లోపలికి రాకూడదు. మా గట్టు మీద పిడుగు పడ్డ తాటిచెట్టు ఒకటి మొండెంగా ఏళ్ల తరబడి నిలబడి ఉండేది. దాన్ని ఎవరూ నరకరు, పొయ్యిలో పెట్టరు, దానికి మేకను కట్టరు. ఒకసారి ఎవరో దాని కమ్మ ఒకటి తెచ్చి పొయ్యిలో పెడితే వాళ్ల పిల్లలకు గవదబిళ్లలు వచ్చాయట. ఆ ఏడు గవదబిళ్లలు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వచ్చాయి. మా ఊళ్లో మాత్రం తాటికమ్మ వల్ల వచ్చాయి.

ఈ రెండు కట్టుబాట్లనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. వాకిట్లో పడేసిన రోకలి మీద నిజంగానే పిడుగు పడితే, ఇక ఆ రోకలి ఇంట్లోకి రాదు. అప్పటినుంచి ఉరిమినప్పుడల్లా రోకలిని కొంచెం కొంచెం దూరంగా, చెట్ల నీడ లేని చోటికి, ఆకాశానికి బాగా కనబడేటట్టు విసిరేదాన్ని. కోడలికి ఎంత భయభక్తులో అని అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసిపోయేది. రెండు వానాకాలాలు విసిరాను. పిడుగు నా రోకలి వైపు కన్నెత్తి చూడలేదు.

అలా ఉండగా ఒక శ్రావణంలో మునసబు ఊరికి కరెంటు రప్పిస్తున్నానన్నాడు. కరెంటుతో నడిచే బియ్యం మిల్లు తనే పెడతానన్నాడు. చెప్పినట్టే స్తంభాలు వచ్చి చెరువు దారిలో పడ్డాయి. మిల్లు కోసం పాక లేచింది. గోనెసంచులు చుట్టిన మిషను ఎడ్లబండి మీద వచ్చి ఆ పాకలో దిగింది. ఊళ్లో ఆడవాళ్లమంతా ఒకరి తరవాత ఒకరం వెళ్లి, కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు దాన్ని చూసి వచ్చాం. నేను గోనె కిందినుంచి చెయ్యి పెట్టి ముట్టుకున్నాను కూడా. చల్లగా ఉంది. దీపావళి దాటితే తీగ లాగేస్తారన్నారు. నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఈశాన్యం నల్లబడింది. మడిలో వరి పొట్ట మీద ఉంది. మొదటి ఉరుముకే రోకలి తీసుకుని వాకిట్లోకి వచ్చి అలవాటుగా విసిరాను. విసిరిన చెయ్యి ఇంకా దించలేదు, టవరు కొన మీద తెల్లటి మంట కనపడింది. చప్పుడు దాని వెనకే వచ్చింది. నేను కూలబడిపోయాను. టవరు చేతికి వేలాడే పింగాణీ చిప్పల దండ దగ్గర ఒక నిప్పు తాడు మెలిక తిరిగి, ఆరిపోయింది. చిప్పలు పగిలి మడిలో పడుతున్న చప్పుడు వానలో కూడా వినపడింది.

అత్త గుమ్మంలోకి వచ్చింది. "మన మడిలో పడ్డాది" అంది.

టవరు మీద పడింది అత్తా అన్నాను.

"టవరు ఎవరి మడిలో ఉన్నాదే?"

విజయనగరంలో దీపాలు ఆరిపోయాయని మర్నాడు బస్సు దిగినవాళ్లు చెప్పారు. మా ఊళ్లో ఆరిపోవడానికి ఏమీ లేదు కాబట్టి మాకు తెలియలేదు. ఆ పొద్దుటే లైన్‌మన్ ఒకడు తీగల వెంబడి నడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడ దెబ్బతిందో తెలియక ఎన్నో మైళ్లు మెడ పైకెత్తి టవరు తరవాత టవరు చూసుకుంటూ వచ్చాడట. మా టవరు మీద పగిలిన దండ కనపడగానే ఆ సంతోషంలో మా కాలువలో పడ్డాడు. పాతపట్నం వైపు మనిషి, మాటలో ఒడియా తగిలేది. మా ఇంటాయన పైకి లాగి పొడి పంచె ఇచ్చాడు. తరవాత ఓవర్సీరు, కూలీలు జీపులో వచ్చారు. లైను ఆపి, టవరెక్కి, పాడైన చిప్పల్ని తాడుతో కిందికి దింపి, కొత్తవి తగిలించారు. దింపినవాటిని గట్టు మీద పెట్టారు. గోధుమరంగు పింగాణీ పళ్లేలు బోర్లించినట్టు ఉన్నాయి. ఒక్కోదానికి నడినెత్తిన ఇనుప టోపీ, కింద ఇనుప మేకు. అంచులు పెచ్చులూడి, మసిబారి ఉన్నాయి.

మధ్యాహ్నానికల్లా విజయనగరంలో దీపాలు వచ్చేశాయి. మా ఊళ్లో గొడవ మొదలైంది.

మొదలుపెట్టింది మా అత్తే. పిడుగు పడ్డ తాటికర్రనే పొయ్యిలో పెట్టం, పిడుగు పడ్డ కరెంటుతో ఆడించిన బియ్యం ఎలా తింటాం అంది. ఆ మాట రెండు వీధులూ తిరిగి మునసబు చెవిన పడేసరికి అతని ముఖం వాడిపోయింది. మిల్లుకి వడ్లు ఎవరూ తేకపోతే ఆ మిషనును ఏం చేసుకుంటాడు? ఓవర్సీరుని బతిమాలి తన అరుగు మీద కూర్చోబెట్టి, చదువుకున్నవారు మీరే చెప్పాలన్నాడు. ఊరంతా పోగయింది. ఆడవాళ్లం అరుగుకి ఎడంగా నిలబడ్డాం, మా అత్త తప్ప. ఆవిడ ముందుకి వెళ్లి నిలబడింది.

"బాబూ, మా మడి మీంచి పోయీ కరెంటే గదా మా ఊరికి వస్తాది?"

నేరుగా రాదమ్మా అన్నాడు ఓవర్సీరు. విజయనగరం పోయి, అక్కడ తగ్గించి, వేరే తీగలో వెనక్కి పంపుతారని చెప్పాడు.

"తగ్గించీది కరెంటునా, పిడుగునా?"

అతను మంచివాడు. ఓపికగా చెప్పాడు. టవర్ల మీద అన్నిటికన్నా పైన ఒక వట్టి తీగ ఉంటుందట, పిడుగు పడితే తన మీద పడాలని దాన్ని కట్టారట. పిడుగు దాని మీద పడి, టవరు ఇనుములోంచి దిగి, కాళ్ల గుండా భూమిలోకి పోతుందట. పోతూ పోతూ ఒక్కోసారి చిప్పల మీదుగా తీగ వైపు దూకుతుందట, అప్పుడు చిప్పలు పగులుతాయట. "అంతా రెప్పపాటు పనమ్మా. పిడుగు భూమిలోకి దిగిపోయింది. తీగలో చుక్క మిగల్లేదు. మీకేం భయం లేదు" అన్నాడు.

మునసబు తృప్తిగా తలాడించాడు. నేనూ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"ఏ భూమిలోకి దిగిపోనాది?" అంది అత్త.

"కింద ఉన్న భూమిలోకి."

"కింద ఉన్నాది మా మడి."

అప్పటిదాకా మిల్లుకే అనుకున్న మైల ఇప్పుడు మా పంటకి వచ్చింది. పిడుగు నేలలో ఉందంటే ఆ మడిలో పండిన గింజ గడప దాటకూడదు. మా తొమ్మిది మంది తిండీ ఆ మడిలోనే ఉంది. అత్త ముఖంలో రంగు పోవడం నేను చూశాను. కాని ఆవిడ ఎక్కువసేపు అలా ఉండే మనిషి కాదు. అరనిమిషంలో ఇటు తిరిగింది. పిడుగు భూమిలోకి పోనేలేదు, తీగ వెంబడి విజయనగరం పోయింది అంది. పోకపోతే అక్కడ దీపాలు ఎందుకు ఆరిపోయాయి?

అక్కడొక పెద్ద స్విచ్చి ఉంటుందని, లైనుకి దెబ్బ తగిలితే దానంతట అదే పడిపోతుందని ఓవర్సీరు చెప్పాడు.

"దానికి ఎవులు సెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. దానికే తెలుస్తుంది."

"అయితే మా మడిలో పిడుగు పడ్డాదని విజయనగరంలో స్విచ్చికి తెలిసిపోనాది గాని, పిడుగు మాత్రం అంత దూరం పోనేదంటావు."

ఓవర్సీరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మునసబు మాత్రం వదల్లేదు. భూమిలోకే పోయింది, బాబు స్వయంగా చెప్పారు కదా అన్నాడు. మిల్లు కోసం మునసబుకి పిడుగు మా మడిలో ఉండాలి. పంట కోసం మా అత్తకి పిడుగు తీగలో ఉండాలి. నేలలో ఉంటే మిల్లు వస్తుంది గాని ఆడించడానికి వడ్లుండవు. తీగలో ఉంటే వడ్లుంటాయి గాని నా రోకలి నాకుంటుంది. నాకు రెండూ కావాలి, ఆ సంగతి అడిగేవాళ్లు లేరు.

ఊళ్లో తక్కినవాళ్లు అందాకా తమాషా చూస్తున్నారు. మా పక్క మడి రైతు ఒకాయన మాత్రం ఎందుకో కాళ్లు నిలవక కదులుతున్నాడు. చివరికి నోరు విప్పాడు. "మీ మడిలో నీరు తూము దాటి మా మడిలోకే గదా వస్తాది" అన్నాడు. ఆయన మడిలోంచి ఇంకొకరి మడిలోకి, అక్కడినుంచి ఊరి కింద పొలమంతటికీ పారుతుంది. ఒక్కొక్కరూ తమ మడి ఎక్కడుందో మనసులో చూసుకున్నారు. నవ్వే ముఖం ఒక్కటీ మిగల్లేదు. ఊరి పంటంతా పిడుగు పడ్డ పంటైపోయింది, ఒక్క మాటలో.

నేను అక్కడినుంచి మడి దగ్గరికి పరిగెత్తాను. గట్టు మీది చిప్పల్లో బాగా మసిబారిన దాన్ని ఒకటి ఎత్తుకున్నాను. మూడు వీశెలకు తక్కువ ఉండదు. దాన్ని చంకనెత్తుకుని తిరిగి వచ్చేసరికి, నా చేతిలో ఏముందో చూసి జనం దారి వదిలారు. దారి అనడం తక్కువ, మైదానమే వదిలారు. మా ఇంటాయన తన కాళ్లవైపు చూసుకుంటూ ఉండిపోయాడు. మగవాళ్ల మధ్యలోకి అలా వెళ్లడం నాకు అదే మొదలు.

"బాబూ, ఇది పగలకముందు ఏటి సేసీది?" అని అడిగాను.

తీగ టవరుకి తగలకుండా ఆపేదని చెప్పాడు ఓవర్సీరు.

"అంటే తీగకీ నేలకీ మజ్జిన ఉన్నాది ఇదే గదా."

"ఇదే."

"దెబ్బ తిన్నాది ఇదే, మసైనాది ఇదే. అలగైతే పిడుగు పడ్డాది దీని మీద. తీగ మీదా కాదు, మా మడి మీదా కాదు. అవునా?"

ఓవర్సీరు నోరు తెరిచాడు. అలా కాదమ్మా, అసలు సంగతేమిటంటే అని మొదలుపెట్టబోయాడని నాకు తెలుసు. మా ఇంటాయన పంచె కట్టుకుని పక్కనే ఉన్న లైన్‌మన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఓవర్సీరు నన్ను చూశాడు, అత్తని చూశాడు, చీకటి పడుతున్న ఆకాశాన్ని చూశాడు. "అవును" అన్నాడు. చదువుకున్న మనిషి నా మాటకు అవుననడం కూడా నాకు అదే మొదలు.

ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పిడుగు ఎక్కడుందో తెలిసిపోయింది. ఇక చెయ్యాల్సిందల్లా దాన్ని ఊరు దాటించడం.

మర్నాడు పొద్దున్న ఆ చిప్పల్ని ఏట్లో కలిపేద్దామని మునసబు అన్నాడు. పాడైనవి ఆఫీసులో అప్పగించకపోతే తన ఉద్యోగం పోతుందన్నాడు ఓవర్సీరు. చాలాసేపు అటూ ఇటూ లాగి ఒక ఒప్పందానికి వచ్చారు. చిప్పల్ని ఏటికి తీసుకెళ్లి, పసుపు నీళ్లతో కడిగి, మూడు మునకలు వేయించి, మళ్లీ ఈ ఊరి పొలిమేర తొక్కించనని మాట తీసుకుని, ఓవర్సీరుకి అప్పగించాలి. ఊళ్లోంచి తీసుకెళ్లకూడదు కాబట్టి చుట్టూ తిప్పి తీసుకెళ్లారు. ముందు డప్పు, వెనక నెత్తి మీద సంచితో లైన్‌మన్, అతని వెనక బూట్లు చేత్తో పట్టుకుని ఓవర్సీరు. జీపు దారిన ఖాళీగా పోయింది. ఏటి దగ్గర కొబ్బరికాయ కొట్టారు. చిప్పల్ని మోసినవాళ్లూ ముట్టుకున్నవాళ్లూ మునగాలన్నారు. ఓవర్సీరు ప్యాంటుతోనే మునిగాడు. లేచాక మునసబుతో ఏదో అనబోయి, చేతులు జోడించి ఊరుకున్నాడు.

నా చేతిలోని చిప్ప మాత్రం ఆ సంచిలోకి చేరలేదు. ముట్టుకోవాల్సి వస్తుందని దాన్ని నా దగ్గర ఎవరూ తీసుకోలేదు. నువ్వే పట్టుకెళ్లి సంచిలో పడేయి అన్నారు. పడేశాననే అనుకున్నారు. నేను దాన్ని గడ్డిమేటులో దాచి, వెళ్లి తలమీద పసుపు నీళ్లు పోయించుకున్నాను. ఎందుకు దాచానంటే, మునసబు మాట మీద నాకు పూర్తి నమ్మకం లేదు. మిల్లు రాకపోతే ఒకనాడు ఆ చిప్పని రోకలికి తగిలించి, అందరి ముందూ ఆ మాట చెప్పేస్తే రోకలి కూడా మైలపడిపోతుందని నా ఆలోచన.

ఆ అవసరం రాలేదు. మాఘంలో మిల్లు ఆడింది. ఊరి వడ్లన్నీ పాక ముందు వరస కట్టాయి. మా మడి వడ్లు కూడా. నేను ఇంటికి తెచ్చిన బియ్యం తెల్లగా, ఒక్క ఊక లేకుండా ఉన్నాయి. అత్త గుప్పెడు తీసి వాసన చూసింది. "మీరు తినండి. నాకు మాత్రం దంపుడే" అంది.

అలా తొమ్మిది మంది దంపుడు పోయి ఒక్క మనిషి దంపుడు మిగిలింది. తక్కువే. కాని పొక్కు మానే లోపే మళ్లీ దంపే రోజు వచ్చేది. నూలు తెగుతూనే ఉంది.

అత్త బియ్యానికి వేరే కుండ. దాని మీది తాటాకు మూతను ఎలకలు కొరికేశాయి. వేరే మూత లేదు. నాకు గడ్డిమేటు గుర్తొచ్చింది. తెచ్చి పెట్టి చూస్తే కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇనుప టోపీ పట్టుకుని ఎత్తడానికి వీలుగా ఉంది, మేకు లోపలికి దిగి మూత జరక్కుండా పట్టింది. భయం వెయ్యలేదా అంటే వేసింది. మొదటి వారం అత్త తుమ్మినా వెళ్లి చూసేదాన్ని.

వైశాఖంలో ఒక సాయంత్రం ఉరిమింది. మిల్లు ఆగిపోయింది. నేను రోకలి తీసుకెళ్లి వాకిట్లో విసిరి వచ్చేసరికి, అత్త తన కుండ దగ్గర ఉంది. ఎప్పుడూ బియ్యం నేనే తీస్తాను. ఆవేళ ఎన్ని మిగిలాయో చూద్దామని తనే వెళ్లినట్టుంది. మూత ఆవిడ చేతిలో ఉంది.

"ఇది ఏటే?"

"మూత అత్తా."

"మూతని నాకూ తెలుసు."

నేను చెప్పేశాను. ఆవిడ మూతని కింద పెట్టలేదు, పడేయలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. మాఘం నుంచి అన్నాను. పీట మీద కూర్చుని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. బయట మళ్లీ ఉరిమింది. ఆవిడ ఒక కాలు చాపింది, ముడిచింది, మళ్లీ చాపింది.

"మాగం నుండే గదా నా మోకాలు తేలిక పడ్డాది" అంది.

ఆవిడ మూతని అటూ ఇటూ తిప్పి, మసి మరకను బొటనవేలితో రాసి చూసింది. తరవాత లేచి, మిగిలిన దంపుడు బియ్యాన్ని చేటలోకి ఒంపేసింది.

"ఈ కుండ కడిగి మిల్లు బియ్యం పొయ్యి. మూత ఇదే ఎట్టు" అంది.

వాన వెలిశాక రోకలి లోపలికి తెమ్మని ఆవిడ అనలేదు. నేనూ తేలేదు. ఆ వానాకాలమంతా అది వాకిట్లోనే తడిసింది. పొన్ను తుప్పు పట్టింది, కర్ర చెదలు పట్టింది. మోకాళ్ల నొప్పులున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లు అత్త నోట ఆ సంగతి విని, తరచు మా ఇంటికి వచ్చి, ఆ కుండలో బియ్యం గుప్పెడు అడిగి పట్టుకెళ్లేవారు. మిల్లు బియ్యమే కదా, మీ ఇంట్లోనూ ఉన్నాయి కదా అంటే, మీ మూత వేరు అనేవారు.

అట్లతద్దికి పుట్టింటికి వెళ్లాను. అమ్మ నా అరచెయ్యి తిప్పి చూసి, పత్తి తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఆ మూత ఇప్పటికీ నా దగ్గరుంది. ఇనుప టోపీ మీద ఏవో అక్షరాలు పోతపోసి ఉంటాయి. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నప్పుడు, ఇంటికొచ్చి మొట్టమొదట చదవబోయింది వాటినే. అవి తెలుగు కావు.